ఆమె వెంట వెళ్లినందుకు ఆయనకేం తక్కువైంది?

కార్ల్ నీల్సన్ (1865–1931) డెన్మార్క్ గర్వంగా చెప్పుకునే సంగీతకర్త. ఫ్యూన్ దీవిలో పేదింట పుట్టాడు. తండ్రి ఇళ్లకు రంగులేస్తూ, పల్లెల్లో ఫిడేలు వాయించేవాడు. నీల్సన్ 14 ఏళ్లకే సైనిక బ్యాండులో చేరాడు. తర్వాత కోపెన్‌హేగన్‌లో సంగీతం చదివి, ఆరు సింఫనీలు రాశాడు.

ఆయన భార్య ఆన్ మేరీ శిల్పి. 1891లో పెళ్లయింది, ముగ్గురు పిల్లలు. పని కోసం ఆమె చాలాకాలం ఇంటికి దూరంగా ఉండేది. ఆయనకు వేరే సంబంధాలున్నాయని తెలిశాక కొన్నేళ్లు విడిగా ఉన్నారు. "భార్య ఇంటిపట్టున లేకపోతే మగాడు మాత్రం ఏం చేస్తాడు?" అనేయడం తేలికే.

కానీ 1903 సంగతి చూడండి. ఆక్రోపోలిస్ ప్రాచీన శిల్పాలకు నకళ్లు చేయడానికి ఆమె ఏథెన్స్ వెళ్లింది. ఆయనా వెళ్లాడు. అక్కడ ఏజియన్ సముద్రం మీద సూర్యుడి ఉదయాస్తమయాలు చూసి రాసిందే 'హీలియోస్'. మంద్రంగా మొదలై, మధ్యాహ్నానికి వాద్యాలన్నీ ఎగసి, మళ్లీ మంద్రంలోకే అణిగిపోతుంది. ఆమె ఇంట్లోనే కూర్చుంటే ఈ సంగీతం పుట్టేదా?

ఆయన తలుపేసుకుని రాస్తే సాధన, ఆమె పనిమీద ఊరు దాటితే ఇల్లు వదిలేయడం! ఇదేం లెక్క? ఆమె మలిచిన తొమ్మిదో క్రిస్టియన్ రాజు అశ్వ విగ్రహం 1927 నుంచి కోపెన్‌హేగన్‌లో నిలబడే ఉంది. భర్త పోయాక ఆయన స్మారకాన్నీ ఆమే మలిచింది.

పెళ్లి తర్వాత చదువు, ఉద్యోగం అనగానే మన ఇళ్లల్లోనూ అవే రెండు కొలతలు. అన్నయ్య దూరం వెళ్తే ప్రయోజకత్వం, వదిన వెళ్తే పిల్లల గతేంటి అని ప్రశ్న. కొలబద్ద ఒక్కటే ఉండాలని నేనంటాను. వీలైతే 'హీలియోస్' వినండి, పన్నెండు నిమిషాలే. విన్నాక మీరే చెప్పండి, భార్య వెంట వెళ్లినందుకు ఆయనకేం తక్కువైందో.