అర్హత సరే, ముందు 12 లక్షలు తెండి

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో దశ 2024 సెప్టెంబరు 1న మొదలైంది. అందులో గృహరుణంపై వడ్డీ రాయితీ కావాలంటే కుటుంబ వార్షికాదాయం 9 లక్షలు దాటకూడదు. భార్యాభర్తలకు గానీ పెళ్లికాని పిల్లలకు గానీ దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. కొనే ఇల్లు 35 లక్షల లోపు, తీసుకునే అప్పు 25 లక్షల లోపు ఉండాలి. ఇవన్నీ కుదిరితే మొదటి 8 లక్షల అప్పు మీద 4 శాతం రాయితీ వస్తుంది. అదైనా గరిష్ఠంగా 1.80 లక్షలు, ఐదు వార్షిక వాయిదాల్లో. విడివిడిగా చూస్తే ఏ షరతునూ తప్పుపట్టలేం. కలిపి లెక్క కట్టినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

35 లక్షల ఫ్లాటుకు 25 లక్షల అప్పు పోగా 10 లక్షలు సొంతంగా తేవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చులు అప్పులో కలవవు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిసి 7.5 శాతం, అంటే 2,62,500 రూపాయలు. మొత్తం 12.62 లక్షలు. నెలకు 75 వేలకు మించి రాకూడదన్న కుటుంబానికి ఇది దాదాపు 17 నెలల పూర్తి ఆదాయం. కేంద్రం ఐదేళ్లలో ఇచ్చే రాయితీ కన్నా, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రాష్ట్రం ఒక్క పూటలో వసూలు చేసేది 82,500 ఎక్కువ! చవకలో చూసుకోమంటారా? రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం గరిష్ఠంగా 90 శాతం అప్పు దొరికినా, 25 లక్షల ఇంటికి చేతి నుంచి పడేది 4 లక్షల పైమాటే. హైదరాబాద్ ఐటీ కారిడార్ చుట్టుపక్కల ఆ ధరకు కొత్త ఫ్లాటు వెతకడం వృథా ప్రయాస.

మరి ఈ పథకాన్ని వాడుకోగలిగేది ఎవరు? ఆదాయ పత్రంలో అంకె చిన్నదిగా ఉండి, వెనక ఆస్తి ఉన్నవాళ్లు. నిబంధన అడిగేది పక్కా ఇంటి గురించే; ఊరి బయట వెంచర్లలో ఎన్ని ప్లాట్లున్నా దానికి పట్టదు. ఒక ప్లాటు అమ్మి మార్జిన్ మనీ కట్టేవాడు అర్హుడే. పదిహేనేళ్లుగా అద్దె ఎగ్గొట్టకుండా కట్టినవాడూ అర్హుడే, కాకపోతే కాగితం మీద. జీతం చూసి వడపోసి, ఆస్తి చూసి లోపలికి రానిచ్చే ఏర్పాటిది.

సొంత పెట్టుబడి తగ్గిస్తే మొండి బకాయిలు పెరుగుతాయని బ్యాంకర్లు అంటారు. కొట్టిపారేయదగిన మాట కాదు. కానీ ఆ భయం తీర్చడానికే కదా, కేంద్రం అల్పాదాయ వర్గాల గృహరుణాలకు హామీనిచ్చే నిధిని 1,000 కోట్ల నుంచి 3,000 కోట్లకు పెంచింది! అమెరికాలో ప్రభుత్వ గృహరుణ బీమా సంస్థ ఎఫ్‌హెచ్‌ఏ హామీ ఉన్న రుణానికి, క్రెడిట్ స్కోరు కనీసం 580 అయితే, ఇంటి ధరలో 3.5 శాతం చేతిలో ఉంటే చాలు. ఆ వెసులుబాటుకు బీమా ప్రీమియం అప్పు తీసుకున్నవాడే కడతాడు. ఊరికే ఇచ్చేదేమీ కాదు, అందుకే నిలబడింది. ఇంటి ధర పరిమితిని పెంచమనే వాదన మాత్రం నాకు నచ్చదు. పరిమితి ఎంత పెరిగితే బిల్డరు ధర అంత పెరుగుతుంది.

మార్చాల్సింది డబ్బు అందే సమయాన్ని. ఆ 1.80 లక్షలు రిజిస్ట్రేషన్ రోజునే ఇవ్వాలి. రాయితీ పుచ్చుకుని ఇల్లు అమ్మేస్తారన్న అనుమానానికి విరుగుడు ఇప్పటికే ఉంది: దస్తావేజులు బ్యాంకు దగ్గరే ఉంటాయి. రాష్ట్రాలు కూడా తొలి ఇంటికి స్టాంపు డ్యూటీ తగ్గించాలి. ఖజానాకు గండి పడుతుందంటే, మహారాష్ట్ర మహిళల పేరిట కొనే ఇళ్లకు ఒక శాతం మినహాయింపు ఇస్తూనే ఉంది. పైగా ఇక్కడ ఎవరికి ఇవ్వాలో కొత్తగా సర్వే చేయక్కర్లేదు, అర్హులని తేలినవాళ్ల జాబితా పథకం పోర్టల్‌లోనే ఉంటుంది.