వాడుకరులుగానే మిగిలిపోదామా?

మన ఇళ్ళలో కంప్యూటరు చదువు చదువుతున్న బిడ్డలకు పైథాన్ పేరు కొత్త కాదు. ఇంజనీరింగ్ కళాశాలల్లోనూ, అమీర్‌పేట శిక్షణా కేంద్రాల్లోనూ వారు దానిని నేర్చుకుంటూనే ఉన్నారు. అయితే దానిని ఉద్యోగానికి మెట్టుగా చూపేవారే గాని, దాని నిర్మాణంలో పాలుపంచుకోవచ్చునని చెప్పేవారు అరుదు. ఈ లోటు తీరాలని మా అభిప్రాయం.

పైథాన్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. నెదర్లాండ్స్‌కు చెందిన గిడో వాన్ రోసమ్ 1991లో దానిని లోకానికి అందించారు. 2001లో ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థ, పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, నేడు దాని హక్కులను కాపాడుతున్నది. సోర్స్ కోడ్ అంతా గిట్‌హబ్‌లో బహిరంగంగా ఉన్నది.

దస్త్రాల నడుమ ఉద్యోగ జీవితం గడిపిన మాకు అక్కడి పద్ధతి సుపరిచితంగానే తోచింది. ముందు సమస్యను నమోదు చేయాలి. దానికొక సంఖ్య వస్తుంది. పిదప సవరణను, అది ఎందుకు అవసరమో తెలిపే వివరణతో సమర్పించాలి. అనుభవజ్ఞులు ఆమోదిస్తారు, లేదా ప్రశ్నలు వేసి తిప్పి పంపుతారు. భేదమల్లా, మా నోటుఫైలు బీరువాలో ఉండేది. ఇక్కడ ప్రతి వ్యాఖ్యా అందరి కళ్ళెదుటా ఉంటుంది. పట్టా గాని, సిఫారసు గాని అడగరు. లైసెన్సు ఒప్పందంపై సంతకం మాత్రం చేయాలి.

డెవలపర్ గైడ్ చదివి, సోర్స్ కోడ్ నుండి పైథాన్‌ను తమ కంప్యూటరులో నిర్మించి, పరీక్షలు నడిపి చూడడం తొలి మెట్టు. సులభమైన సమస్యలకు 'ఈజీ' అన్న గుర్తు ఉంటుంది. వివరణ పత్రాలలోని అస్పష్టతను సరిదిద్దడమూ సేవే. వాటిని జపనీస్, ఫ్రెంచ్, కొరియన్ భాషల్లోకి తెచ్చినవారు స్వచ్ఛంద సేవకులే.

భాష తెలిసినవారి అవసరం ఎంతటిదో చూడండి. 'తెలుగు' అన్న మాట పొడవెంతని అడిగితే పైథాన్ 6 అంటుంది. మనకు కనిపించేవి మూడక్షరాలే. గుణింతపు గుర్తులను యూనికోడ్ వేరుగా లెక్కిస్తుంది గనుక అది తప్పు కాదు. కాని తెలుగు, ఉర్దూ రాతలతో పనిచేసే సాధనాలు చక్కగా రూపొందాలంటే, ఆ లిపులు చదవగలవారు ఆ పనిలో ఉండాలి.

జీతం లేని ఈ చాకిరీ పేద కుటుంబాల బిడ్డలకెందుకని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇది ఉద్యోగానికి హామీ కాదు. చదువును, సంపాదనను పక్కనబెట్టి చేయవలసినదీ కాదు. అయినా వారానికి రెండు గంటలు వెచ్చిస్తే, నిపుణులు తమ పనిని పరీక్షించి చెప్పే మాట రుసుము లేకుండా దొరుకుతుంది. చేసిన పని పేరుతో సహా నిలిచి ఉంటుంది. ధ్రువపత్రం కొనుక్కోవచ్చు గాని, ఆ చరిత్రను కొనలేము.

పేరు కోసం పనికిరాని సవరణలు పంపడం మాత్రం తగదు. 2020 అక్టోబరులో ఉచిత టీషర్టుల కోసం వెల్లువెత్తిన అలాంటి సవరణలతో ఎందరో నిర్వాహకులు విసిగిపోయారు.

మన గ్రంథాలయాలు, విద్యార్థి వసతి గృహాలు వారానికొక సాయంత్రం ఒక కంప్యూటరును, ఇంటర్నెట్టును ఇందుకు కేటాయించాలని కోరుతున్నాము. తల్లిదండ్రులు కొడుకులతోపాటు కూతుళ్ళనూ అక్కడికి పంపాలి.