కళాశాల మైదానము నుండి వేలంపాట వరకు

‘ఆలస్యం అమృతం విషం’ అన్నారు పెద్దలు. ‘నిదానమే ప్రధానం’ అన్నదీ ఆ పెద్దలే. ఈ రెండింటిలో ఏ మాట ఎప్పుడు వర్తించునో తెలిసికొనుటయే వివేకము. క్రికెట్టు ఆడే మన విద్యార్థులకు ఈ వివేకము నేడు మిక్కిలి అవసరమని మా అభిప్రాయము.

2008లో ఇండియన్ ప్రీమియర్ లీగ్ ఆరంభమైన నాటి నుండి ఆటగానికి బహిరంగముగా వెల కట్టే ఆచారము మన దేశములో స్థిరపడినది. ఆ వేలంపాట టెలివిజన్‌లో ప్రసారమయ్యే రోజున జగ్గయ్యపేటలోను, నందిగామలోను టీ దుకాణముల వద్ద గుమిగూడే కుర్రవారిని చూచిన వారికి దాని ఆకర్షణ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. తప్పేమియు లేదు. అయితే డిగ్రీ చివరి సంవత్సరములో పుస్తకములు కట్టిపెట్టి ఏదో నగరములోని శిక్షణాలయములో చేరెదనని పలికే విద్యార్థులు ఏటా ఒకరిద్దరు మాకు తారసపడుతూనే ఉన్నారు. మిరప, ప్రత్తి పండించే తండ్రులు, సిమెంటు కర్మాగారములలో కూలిచేసే తండ్రులు అప్పు తెచ్చి ఆ రుసుము చెల్లించుటకు సిద్ధపడుతున్నారు. తండ్రి సిద్ధమే. మరి కుమారుడు సిద్ధమా? ఈ ప్రశ్నకు నిజాయితీగా బదులు చెప్పగలవారు బాలుని అనుదినము చూచేవారే. అనగా కళాశాలవారే.

ఆటగాని సంసిద్ధతను తూచుట అంత తేలిక పని కాదు. అమెరికా అనుభవమే ఇందుకు సాక్ష్యము. అక్కడి ఫుట్‌బాల్ మనము కాలితో తన్నే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేతపట్టి ఆడే ఆట. అందులో క్వార్టర్‌బ్యాక్ అనేవాడు జట్టుకు మెదడు వంటివాడు. ఎదుటివారు మీద పడకముందే మైదానమంతా కలయజూచి, బంతిని ఎవరికి అందించవలెనో రెండు మూడు క్షణములలో నిర్ణయించవలెను. అక్కడ వృత్తి జట్లు ఏటా కళాశాల ఆటగాండ్రను వరుసక్రమమున ఎన్నుకొనును. ఉన్నత పాఠశాల విడిచి మూడు సంవత్సరములు నిండనివానికి అందులో ప్రవేశము లేదు. ఇన్ని కట్టుబాట్లు ఉండియు, ఇందరు నిపుణులు కొలిచియు, 2007లో ప్రథమ స్థానమున ఎన్నికైన జమార్కస్ రసెల్ మూడు సీజన్లకే తెరమరుగైనాడు. 2000లో 199వ స్థానము వరకు ఎవరును కోరని టామ్ బ్రేడీ మొదటి సంవత్సరము దాదాపు బల్లమీదనే గడిపి, తరువాత ఏడు పర్యాయములు జాతీయ విజేత జట్టులో నిలిచినాడు. చేతి బలమును కొలువవచ్చును. చేతికి ఆజ్ఞ ఇచ్చే మనస్సును కొలిచే పనిముట్టు ఇంకను పుట్టలేదు.

మనకు సమీపముననే ఇంతకంటె చక్కని ఉదాహరణము కలదు. గుంటూరు యువకుడు షేక్ రషీద్ 2022లో పందొమ్మిదేండ్ల లోపువారి ప్రపంచ కప్పులో భారత జట్టుకు ఉపనాయకుడు. ఆస్ట్రేలియాపై సెమీఫైనల్లో 94 పరుగులు, ఇంగ్లండుపై ఫైనల్లో 50 పరుగులు చేసినాడు. భారతము ఆ కప్పు గెలిచినది. వారము తిరుగకమునుపే బెంగుళూరులో పెద్ద వేలంపాట జరిగినది. ఆ జట్టులోనివాడే అయిన రాజ్ బావాను పంజాబ్ వారు 2 కోట్లకు తీసికొన్నారు. రషీద్‌కు మాత్రము అడ్డంకి ఎదురైనది. పందొమ్మిదేండ్లు నిండనివాడు రాష్ట్రము తరఫున ఒక్క పెద్ద ఆటయైనను ఆడి ఉండవలెనని బోర్డు నియమము. రషీద్ అప్పటికి అట్టి ఆట ఆడలేదు.

ఆ నియమము కఠినమని నాడు చాలమంది వాపోయినారు. మేము అది మంచి నియమమే అంటున్నాము. సమవయస్కుల నడుమ రాణించుట వేరు, సంసారము మోస్తూ పదేండ్లుగా బంతి వేసే ముప్పదేండ్లవాని ముందు నిలుచుట వేరు. రషీద్ నిరుత్సాహపడలేదు. ఆ నెలలోనే ఆంధ్ర తరఫున రంజీలో అడుగిడినాడు. ఆ సంవత్సరము డిసెంబరులో కొచ్చిన్ వేలంపాటలో చెన్నై వారు 20 లక్షలకు తీసికొన్నారు. అది కనీస ధర. తరువాత రెండు సీజన్లలో ఒక్క ఆటయైనను దక్కలేదు. 2024 నవంబరులో హైదరాబాదుపై రంజీ ఆటలో 203 పరుగులు సాధించినాడు. ఆ నెలాఖరు వేలంపాటలో చెన్నై వారే మరల 30 లక్షలకు తీసికొన్నారు. అదియు నాటి కనీస ధరయే. 2025 ఏప్రిల్ 14న లక్నోలో తొలిసారి బరిలో దిగి 19 బంతులలో 27 పరుగులు చేసినాడు. వేలంపాటలో పేరు పలికిన నాటికిని, బ్యాటు పట్టి నడచిన నాటికిని మధ్య రెండేండ్ల నాలుగు నెలలు. ఉర్దూలో ‘సబ్ర్’ అనే మాటకు అర్థము చేతులు ముడుచుకొని కూర్చొనుట కాదు; పని విడువకుండ ఓర్చుకొనుట. ఆ రెండేండ్లు అట్టివి.

హైదరాబాదు ఆటో డ్రైవరు కుమారుడు మహమ్మద్ సిరాజ్ కథ మరొక పాఠము నేర్పును. 2016-17 రంజీ సీజనులో 41 వికెట్లు తీసిన పిదప సన్‌రైజర్స్ వారు 20 లక్షల కనీస ధర గల అతనిని 2 కోట్ల 60 లక్షలకు పాడుకొన్నారు. అంతటితో సంసిద్ధత పూర్తి అయినదా? కాలేదు. బెంగుళూరు జట్టులో ఉండగా 2019 ఏప్రిల్‌లో కలకత్తాపై 14 బంతులలో 36 పరుగులు ఇచ్చి, రెండు పర్యాయములు నడుము పైకి ఫుల్‌టాస్ వేసినందున బంతి వేయకుండ నిలిపివేయబడినాడు. మరుసటి ఏడు అదే కలకత్తాపై నాలుగు ఓవర్లలో 8 పరుగులిచ్చి 3 వికెట్లు తీసినాడు. ఆ ఏడాది నవంబరులో ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి మరణించినను జట్టుతోనే నిలిచినాడు. 2025 ఆగస్టులో ఓవల్ టెస్టు చివరి రోజున భారతము 6 పరుగులతో గెలిచినదంటే ఆ బంతి సిరాజ్‌దే. కావున సంసిద్ధత అనేది ఒక నాడు చేతికి వచ్చే పట్టా కాదు. అది పడి లేచిన ప్రతిసారి తిరిగి సంపాదించుకొనవలసిన గుణము.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. ‘వైభవ్ సూర్యవంశీని పదమూడేండ్లకే రాజస్థాన్ వారు కోటి పది లక్షలకు తీసికొనలేదా? 2025లో పదునాలుగేండ్లకే 35 బంతులలో శతకము కొట్టలేదా?’ అని విద్యార్థులు అడుగుదురు. నిజమే. అయితే ఆ బాలుడు వేలంపాటకు ముందే, 2024 జనవరిలో, బీహారు తరఫున రంజీ ఆడినాడు. పరీక్ష వ్రాసియే పీఠమెక్కినాడు. అసాధారణ ప్రతిభను ఎవరు ఆపగలరు? కాని అసాధారణమును సాధారణ నియమముగా తీసికొని పంట తాకట్టు పెట్టరాదు.

ఇక మన విద్యార్థిని తూచుటకు కొన్ని ప్రశ్నలను మనవి చేయుచున్నాము. మొదటిది, అతని ఎత్తుగడ తెలిసిన ప్రత్యర్థిపై రెండవసారి, మూడవసారి ఎట్లు ఆడినాడు? సంక్రాంతి పోటీలలో పొట్టి బౌండరీ మీదుగా టెన్నిస్ బంతిని దాటించుట చూచి మురియుట సహజము. ఆ చేయియే తోలు బంతిపై, ఎన్నడు ఆడని పిచ్‌పై ఏమి చేయునన్నది ముఖ్యము. రెండవది, వరుసగా మూడు ఆటలలో విఫలుడైనప్పుడు మరునాటి ఉదయము సాధనకు వచ్చినాడా? వచ్చి ఏమి మార్చుకొన్నాడు? మూడవది, మే నెల ఎండలో నాలుగు దినములు వరుసగా నిలువగల దేహమున్నదా? నాలుగవది, బంతి రాకముందే మైదానమును చదువగలడా? క్వార్టర్‌బ్యాక్‌కు కావలసిన ఆ చూపే మన బ్యాట్స్‌మన్‌కును, కెప్టెన్‌కును కావలెను. అయిదవది, రెండేండ్లు ఎవరును పిలువకపోయినను అతని ఇల్లు నిలుచునా? అతని చేతిలో డిగ్రీ ఉండునా?

మిరపకాయ ఎర్రబారినంత మాత్రమున యార్డుకు తోలుకొని పోరు. కల్లములో ఎండనిచ్చి, తేమ ఆరిన పిదపనే తోలుదురు. తేమ ఉన్న సరుకును చూచిన వ్యాపారి ధర తగ్గించును; బస్తాలో ఉంచిన బూజు పట్టును. ఈ సంగతి మన మెట్టప్రాంతపు రైతుకు ఎవరును చెప్పనక్కరలేదు. తన పంట విషయములో ఇంత నిదానము చూపే తండ్రి, తన బిడ్డ విషయములో తొందరపడుట మాకు ఆశ్చర్యముగా ఉన్నది.

కళాశాల కమిటీ పెద్దలకు మూడు విన్నపములు. జిల్లా, రాష్ట్ర జట్ల ఎంపికలకు వెళ్ళే విద్యార్థికి హాజరులోను, కళాశాల పరీక్షల తేదీలలోను వెసులుబాటు ఇవ్వవలెను. ఆటకై చదువు మానవలసిన అగత్యము అప్పుడు ఉండదు. ప్రతి క్రీడాకారుని గూర్చి మూడు సంవత్సరముల స్కోరు పుస్తకము భద్రపరచవలెను. ఎన్ని పరుగులు చేసెనన్నదే గాక, ఎట్టి బంతికి, ఎట్టి స్థితిలో ఔటయ్యెనన్నది అందులో వ్రాయవలెను. తల్లిదండ్రులను పిలిచి ఉన్న మాట చెప్పవలెను. సొమ్ము పుచ్చుకొని జట్టులో చోటు ఇప్పింతుమని వచ్చే దళారీని నమ్మరాదనియు చెప్పవలెను. నందిగామ నుండి బెజవాడ వెళ్ళే దారిలో మూలపాడు వద్ద ఆంధ్ర క్రికెట్ అసోసియేషన్ మైదానమున్నది. 2016లో భారత, వెస్టిండీస్ మహిళల అంతర్జాతీయ పోటీలు అక్కడ జరిగినవి. అట్టి మైదానమునకు ప్రతిభను చూపి వెళ్ళవలెనే గాని సంచి చూపి కాదు.

ఈ మాటలు విద్యార్థినులకు కూడ వర్తించును. 2023లో మహిళా ప్రీమియర్ లీగ్ ఆరంభమైనది. కడప జిల్లా యువతి శ్రీ చరణిని ఢిల్లీ వారు 55 లక్షలకు తీసికొన్నారు. 2025 నవంబరులో ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టులో ఆమె 14 వికెట్లతో నిలిచినది. మన కళాశాలలో బాలికలకు వలలు కట్టిన సాధన స్థలము ఎంతవరకు ఉన్నదో కమిటీవారు ఆలోచింతురు గాక.

విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! వేలంపాట ఏటా వచ్చును. డిగ్రీ చివరి సంవత్సరము ఒక్కసారే వచ్చును. సాధన మానవద్దు, పరీక్ష మానవద్దు. ఈ రెండింటిని ఒకే ఏడాదిలో మోయగలిగినవాడు ఎంతటి ఒత్తిడినైనను మోయగలడని మేము నిస్సంకోచముగా వ్రాసి ఇచ్చెదము. సంసిద్ధతకు అంతకంటె మంచి నిదర్శనము మాకు తెలియదు.