తోట మీది గద్దకు విషం పెట్టొద్దు

చలికాలంలో రెడ్డిగూడెం రైతు చూపంతా మామిడి పూత మీదే. ఆ కొమ్మల మీదే తొండకో, ఎలుకకో కాపు కాసే డేగ ఏడాదంతా ఇక్కడి పక్షే.

చలికి వచ్చే చుట్టాలు వేరు. ఉత్తరాది దేశాల చిత్తడి గద్దలు కొల్లేటి రెల్లు మీద రెక్కలు పైకెత్తి, నేలబారుగా తేలుతాయి. చూసి తీరాల్సిన వేట అది!

అయితే తోటల్లో పెట్టే ఎలుకల మందు బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు. నీరసంగా తిరుగుతూ గద్దకు సులువుగా చిక్కుతుంది. విషం దానికీ ఎక్కుతుంది. ఇలాగే పశువుల నొప్పి మందు డైక్లోఫెనాక్, చచ్చిన పశువులను తిన్న రాబందులను దాదాపు తుడిచిపెట్టాకే, 2006లో, పశువైద్యంలో దాన్ని నిషేధించారు.

ఈసారి అంత ఆలస్యం కూడదు. తోటల్లో ముందు బోనులు పెట్టాలి, మందుకు చచ్చిన ఎలుకలను పాతిపెట్టాలి. వ్యవసాయ శాఖ పూత సలహాలతోపాటే ఈ మాటా రైతుకు చెప్పాలి.