తొందర ఒకరిది, చలానా ఒకరికి

అంబాజీపేటలో కొబ్బరికాయ లోడెత్తిన లారీకి ముంబై దాదాపు 1,100 కిలోమీటర్లు. ఊళ్లు, టోల్‌గేట్లు, ఘాట్లు కలుపుకొని గంటకు సగటున 40 వచ్చిందనుకున్నా స్టీరింగు పట్టాల్సింది 27 గంటల పైమాటే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు పని అంది; దూర ప్రయాణాల్లో, అదీ అనుమతితో, 10. ఏకబిగిన 5 గంటలు నడిపితే అరగంట విశ్రాంతి. ఆ లెక్కన ఒక్క డ్రైవరున్న బండి మూడోరోజు గాని చేరదు. సాయంత్రం లోడు పూర్తయ్యాక ‘ఎల్లుండి పొద్దున్నే దిగుమతి’ అని ఫోనులో చెప్పే షావుకారుకు ఈ లెక్క పట్టదు. కొబ్బరికాయ నాలుగు రోజులు ఆగుతుంది, ధర ఆగదు. రావులపాలెం అరటిగెలలకు, ఐసులో వెళ్లే రొయ్యలకు ఆ నాలుగు రోజుల వెసులుబాటు కూడా లేదు.

ఇప్పుడు చాలా లారీల్లో జీపీఎస్ ఉంది. బండి ఎక్కడ ఆగిందీ, ఎంతసేపు ఆగిందీ యజమాని ఫోనులో కనబడుతుంది. డీజిలు దొంగతనాలు తగ్గాయంటే ఒప్పుకోవాల్సిందే. కానీ గంటసేపు ఆగితే మోగే ఫోను, పద్నాలుగు గంటలు ఆగకుండా నడిస్తే మోగదు.

వేగం సంగతీ అంతే. 2015 అక్టోబరు నుంచి కొత్త రవాణా వాహనాలకు 80 దగ్గర బిగించిన స్పీడ్ గవర్నరు ఉండాలి. 2018 ఏప్రిల్ నోటిఫికేషను సరకు వాహనాలకు నాలుగు వరసల రోడ్డుపై 80, మామూలు రోడ్డుపై 60 గరిష్ఠ వేగం పెట్టింది. కత్తిపూడి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా ఒంగోలు వెళ్లే 216 జాతీయ రహదారి పక్కన కాలువలు, ఇళ్లు, బడులు. అక్కడ చాలాచోట్ల 60 కూడా ఎక్కువే. గవర్నరుకు తెలిసింది 80 ఒక్కటే.

చట్టం మాత్రం అంత అమాయకంగా లేదు. మోటారు వాహనాల చట్టం 183వ సెక్షను, పరిమితి మించి నడిపినవాడినే కాదు, నడిపించినవాడినీ శిక్షించమంది. పరిమితిలో ఉంటూ చేరడం సాధ్యంకాని గడువు పెట్టి పంపితే, ఆ ఆదేశమే యజమాని నేరానికి ప్రాథమిక సాక్ష్యమని నాలుగో ఉపసెక్షను చెబుతోంది. ఆచరణలో చలానా బండి నంబరు మీద పడుతుంది, ఆ డబ్బు తరచూ డ్రైవరు బత్తాలోంచి పోతుంది. హిట్ అండ్ రన్ శిక్షపై 2024 జనవరిలో డ్రైవర్లు దేశమంతా స్టీరింగులు వదిలేసినప్పుడూ చర్చ పారిపోయే డ్రైవరు చుట్టూనే తిరిగింది, గడువు పెట్టినవాడి దాకా రాలేదు.

అమెరికాలో 2017 డిసెంబరు నుంచి ఎలక్ట్రానిక్ లాగ్‌బుక్ తప్పనిసరి. 14 గంటల డ్యూటీలో 11 గంటలే నడపాలి. లోడు కోసం గోదాము దగ్గర పడిగాపులు కాసినా ఆ గడియారం ఆగదు గనుక, పోయిన సమయాన్ని వేగంతో పూడ్చుకోవాల్సి వస్తోందని అక్కడి డ్రైవర్ల గోల. యంత్రం పెడితే సరిపోదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

మనకు ఆ గోల వేరే రూపంలో ఉంది. 1961 చట్టం టెర్మినల్ దగ్గర పదిహేను నిమిషాల లోపు నిరీక్షణనే పనిగంటల్లో పేరుపెట్టి చేర్చింది. హమాలీలు లోడెత్తేదాకా పగలంతా నిద్రలేకుండా కూర్చుని చీకటిపడ్డాక బయల్దేరే మనిషికి ఆ పగలు ఏ పద్దులోనూ పడదు. పైగా ఆ చట్టం కనీసం అయిదుగురు కార్మికులున్న సంస్థలకు వర్తించేది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 10 చేసింది. ఒకటి రెండు లారీల ఆసాములు మునుపే బయట ఉన్నారు, ఇప్పుడు ఇంకొందరు చేరారు.

కొత్త చట్టం కోసం చూడనక్కర్లేదు. పనిగంటలు ముందే ఖరారు చేయించి నమోదు చేయించే అధికారం మోటారు వాహనాల చట్టం 91వ సెక్షను కింద రాష్ట్రానికి ఉంది. ప్రమాదం జరిగితే డ్రైవరు లైసెన్సుతోపాటు అంతకుముందు రెండు రోజుల జీపీఎస్ రికార్డు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నుంచి వెళ్లిన ఫోను కాల్స్ జాబితా దర్యాప్తు అధికారి తెప్పించుకోవచ్చు. 183 కింద కేసు కట్టడానికి అవి పనికొస్తాయి.