పంట కాపాడేది ఎర్ర చుక్క కాదు

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు అడవి పందుల మంద చేలో దిగుతుంది. తెల్లారేసరికి సగం పైరు నేలపాలు. రాత్రుళ్లు కావలి కాసి విసిగిన మన కుర్రాళ్లు ఈమధ్య ఫోన్లలో అమెరికా వీడియోలు చూపిస్తున్నారు. అక్కడ పిస్టల్ మీద చిన్న అద్దం బిగించి, అందులో కనిపించే ఎర్ర చుక్కతో గురి చూసి పందుల్ని కాలుస్తున్నారు. మనకూ అలాంటిది ఇప్పించమని అడుగుతున్నారు. వారి బాధ మాకు తెలుసు. మేమూ ఆ చేలలోనే పడుకున్నవాళ్లం.

కానీ అద్దం గురి చూపిస్తుందే తప్ప చేతి వణుకు ఆపదు. పిస్టల్‌కు భుజాన ఆనించుకునే కట్ట ఉండదు. చీకట్లో గురి తప్పితే గాయపడ్డ పంది మనిషి మీదికే వస్తుంది. పక్క చేలో కావలి ఉన్న రైతుకు తూటా తగిలితే ఎవరు జవాబు చెప్పాలి?

అక్కడి చట్టమూ వేరు. టెక్సాస్‌లో 2019 నుంచి సొంత భూమిలో, లేదా భూయజమాని ఒప్పుకుంటే, వేట లైసెన్సు లేకుండానే ఆ పందుల్ని కాల్చవచ్చు. మన అడవి పందికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. 1959 ఆయుధాల చట్టం పంట రక్షణకు చెప్పింది గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీ. అది చాలదని అధికారి నమ్మితే లోపల గాడులు లేని మరో తుపాకీ. పిస్టల్ ఊసు అక్కడ లేదు. తుపాకీ లైసెన్సున్నా పందిని కాల్చడానికి వేరే అనుమతి కావాలి.

ఆ దారి చట్టంలోనే ఉంది. సెక్షన్ 11 కింద, పైరు పాడుచేసే అడవి పందిని వేటాడటానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, అధికారం పొందిన అధికారి గానీ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వవచ్చు. కేరళ 2022లో ఆ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల దాకా తెచ్చింది.

అందుకే మేము అడుగుతున్నవి మూడు. అర్జీ పెట్టిన వారంలోగా నిర్ణయం చెప్పాలి. శిక్షణ ఉన్న లైసెన్సుదారుల జాబితా ప్రతి మండలంలో ఉండాలి. నష్టపరిహారం ఆ పంటకాలంలోనే చేతికి రావాలి.

రైతు సోదరులకు మా మనవి ఒకటే. చేను చుట్టూ కరెంటు తీగ లాగొద్దు, నాటుబాంబు పెట్టొద్దు. వాటికి పందీ మనిషీ తేడా తెలియదు. పంది పాడుచేసిన ప్రతి చేనుకూ ఫొటో తీసి, అర్జీ రాసి, రసీదు తీసుకోండి. ఆ రసీదులన్నీ పట్టుకుని కలిసి కదులుదాం.