ల్యాప్‌టాప్ తెరుచుకోనప్పుడు

పిల్లల చదువు, కుటుంబ ఫోటోలు నేడు ల్యాప్‌టాప్‌లోనే దాచుకుంటున్నాము. అది ఒకనాడు ఆన్ కాకపోతే కలవరపడవద్దు. మొదట అడుగుభాగము చూద్దాము. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఛార్జింగు పెట్టరాదు, వెంటనే మెకానిక్కుకు చూపించాలి. లేనియెడల ఛార్జరును మరొక ప్లగ్గులో పెట్టి, దీపము వెలుగుతుందేమో గమనించాలి. వెలగకపోతే వేరే ఛార్జరుతో చూడాలి.

పిమ్మట ఛార్జరు తీసి, ఊడివచ్చే బ్యాటరీ అయితే అదియు తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టాలి. లోపల నిలిచిన కరెంటు పోతుంది. తిరిగి ఛార్జరు పెట్టి ఆన్ చేయాలి. ఫ్యాను తిరిగినా తెర నల్లగానే ఉంటే టీవీకి కలిపి చూడాలి. అక్కడ బొమ్మ వస్తే లోపము తెర వైపే.

మరమ్మతుకు ఇచ్చేటప్పుడు, ఫైళ్లు కాపీ చేయకుండా ఫార్మాట్ చేయవద్దని ముందే చెప్పుదాము. యంత్రమును మరల కొనుక్కోవచ్చును గాని, పోయిన ఫోటోలను కొనలేము గదా!